పాలీ బుష్షులా, రబ్బరు బుష్షులా? మన రోడ్లకు ఏది?



మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పుల గురించే రాసుకుంటాం. ఈసారి బండి గురించి రాస్తున్నా. మన ఇండ్లల్లో ఒకరు చదువుతాంటే ఇంకొకరు డిజైరో బొలేరోనో నడిపి ఆ ఫీజు కట్టేది మామూలే. పురుడొచ్చినా, పాము కరిచినా తండా నుంచి మొదట కదిలేది ఆ బండే. అది మలుపులో మాట వినాల, బ్రేకు కొడితే నిలబడాల. దాంట్లో మనం పట్టించుకోని చిన్న ముక్క ఒకటుంది. అదే బుష్షు.

బుష్షు అంటే రెండు ఇనుప గొట్టాల మధ్య అతికించిన రబ్బరు. చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్ బండి చట్రానికి తగులుకునే చోట ఉంటది. చక్రం పైకీ కిందికీ ఆడేటప్పుడు ఆ రబ్బరు మెలి తిరిగి మళ్లీ యథాస్థానానికి వస్తది. గుంతలో పడితే దెబ్బ కొంత తానే మింగేస్తది. బొలేరో వెనకాల కమాన్ కట్టల చివర్లలో కూడా ఇవే ఉంటాయి. ఎద్దుల బండికి ఇరుసు, కందెన ఎట్లనో, కారుకు బుష్షు అట్ల.

మన ఎండలు, మన రోడ్లు దాన్ని తొందరగా తినేస్తాయి. వేడికి రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తది. ఇంజను ఆయిలు కారి దాని మీద పడితే ఉబ్బి మెత్తబడతది. అట్లయినంక బ్రేకు కొట్టినప్పుడు ఆర్మ్ వెనక్కి జరుగుతది, చక్రం ఉండాల్సిన కోణం మారిపోతది. స్టీరింగు తిప్పితే బండి ఒక క్షణం ఆగి తిరిగినట్లు ఉంటది. తిన్నని రోడ్డు మీద ఇది పెద్దగా తెలియదు. ఘాట్ దిగేటప్పుడే తెలుస్తది.

మా చిన్నాయన పాత డిజైర్ కొని బాడుగకు తిప్పుతాడు. రాయచోటి పక్క తండాల నుంచి కడప రిమ్స్‌కు పేషెంట్లను తెచ్చేది ఎక్కువ. దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. పాలకోవా కోసం ఆగే ఊరే, కానీ లోడు లారీల వెనక ఆ ఘాట్ దిగేవాళ్లకు అక్కడి మలుపులు బాగా తెలుసు. బ్రేకు కొడితే బండి ఎడమకు లాగుతాందని చిన్నాయన రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినాడు. వారానికే మళ్లీ అదే కత. ముందు టైరు లోపలి అంచు నున్నగా అరిగింది, స్పీడ్ బ్రేకర్ దాటితే టక్ టక్‌మని శబ్దం. జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, రాడ్డుతో ఆర్మ్‌ను కదిలిస్తే రబ్బరు చీలిపోయి కనపడింది. బుష్షు పోయినంక అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా నిలవదు.

అప్పుడు ఇంట్లో వాదన మొదలైంది. మా మామ కొడుకు రీల్స్ చూసి "పాలీ బుష్షులు వేయిద్దాం చిన్నాయనా, రేసు బండి లెక్క తిరుగుతది" అన్నాడు. పాలీ అంటే పాలియురేతేన్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన పదార్థం. వాడు చెప్పిందాంట్లో నిజముంది. గట్టిదనాన్ని షోర్ ఎ అనే కొలతలో చెప్తారు. మామూలుగా రబ్బరు బుష్షులు 50-70 మధ్య ఉంటే పాలీవి 80-95 మధ్య ఉంటాయి. ఆర్మ్ తక్కువ కదులుతది కాబట్టి స్టీరింగుకు బండి వెంటనే పలుకుతది. నూనెకు కూడా అంత తొందరగా పాడవదు.

కానీ ఆ గట్టిదనానికి వెల ఉంది. రబ్బరు మింగే దెబ్బను పాలీ మింగదు, చట్రానికీ సీట్లో కూర్చున్న మనిషికీ పంపిస్తది. నొప్పులు పడుతున్న ఆడమనిషిని తండా మట్టిరోడ్డు మీద తెచ్చే బండికి అది మంచిది కాదు. పైగా పాలీ బుష్షు మెలి తిరగదు, లోపలి గొట్టం చుట్టూ జారుతది. దానికి సరైన గ్రీజు లేకుంటే, దుమ్ము చేరితే, కిర్రు కిర్రుమంటది, అరుగుతది. ధర కూడా రబ్బరు కంటే బాగా ఎక్కువ.

నేను మధ్యే మార్గం చెప్పినా. లోయర్ ఆర్మ్‌కు కంపెనీ రబ్బరు బుష్షులే కొత్తవి, రెండు పక్కలా. మలుపులో బండి ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ బార్‌కు మాత్రం పాలీవి. అక్కడ గట్టిగా ఉంటే లాభం ఎక్కువ, గుంతల దెబ్బ తక్కువ.

బిగించేటప్పుడు ఇంకో సంగతి వచ్చింది. బండి జాకీ మీద, చక్రం వేలాడుతాంటే మెకానిక్ భాయ్ బోల్టు పూర్తిగా బిగించబోయినాడు. "భాయ్, చక్రాలు నేల మీద ఆనినంక బిగిద్దాం" అన్నా. "నువ్వు పుట్టకముందు నుంచి బిగిస్తున్నా బేటా" అన్నాడు. ఆయన చేతి పని ముందు నా చదువు ఎంత అని గొంతు తడబడింది. అయినా కింద ఉన్న పాత బుష్షు తీసుకొని చూపించినా. వేలాడేటప్పుడు బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలి తిరిగిపోతది, ఊరికే నిలబడి ఉన్నా ఆ మెలిక పోదు, అందుకే తొందరగా చీలుతది. ఆయన కాసేపు దాన్ని వేళ్లతో తిప్పి చూసినాడు. "సరే, దించు" అన్నాడు. బండి కిందికి దించి, నిలబడే ఎత్తులో బిగించి, అలైన్‌మెంట్ చేయించినాం. ఆ వారం ఘాట్ దిగి వచ్చి చిన్నాయన ఒక్క మాటే చెప్పినాడు: "ఇప్పుడు ఒంటిచేత్తో పట్టుకున్నా తిన్నగా వస్తాంది రా." ఒంటిచేత్తో నడపొద్దని చెప్పి ఫోన్ పెట్టేసినా.

మన లంబాడీ పెద్దోళ్లు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగినోళ్లు. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ బతుకు పోయింది. ఇప్పుడు మళ్లీ మన పిల్లల చేతికి చక్రం వచ్చింది. దాన్ని నడిపేది మనమే, దాని గుట్టు మాత్రం ఇంకొకరికి తెలుసు అంటే ఎట్ల?

మీ ఇంట్లో బండి ఉంటే ఈ ఆదివారం మూడు చూడండి: టైరు లోపలి అంచు, బ్రేకు కొడితే ఏ పక్కకు లాగుతాంది, స్పీడ్ బ్రేకర్ మీద శబ్దం. వీటిలో ఏదున్నా అలైన్‌మెంట్‌కు డబ్బులు పెట్టకముందే బుష్షులు చూపించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు, స్టాండు తప్పకుండా పెట్టండి. నల్లమల పక్క, నంద్యాల–గిద్దలూరు ఘాట్లో బండి తిప్పే అన్నలు మీ అనుభవం కింద రాయండి. బొలేరో కమాన్ బుష్షుల గురించి నాకు మీ దగ్గర నేర్చుకునేది చాలా ఉంది.