కుంపటి మీద లక్క లేని రోజు

పాతబస్తీ ఆడవాళ్ళు పని చేసుకుంటూ చెప్పుకునే కథల్ని సేకరించడానికి 2018లో కొన్ని నెలలు లాడ్ బజార్ వెనక గల్లీల్లో తిరిగాను. గాజుల మీద రాళ్ళు అతికే ఒక ఆపా ఇంటికి తరచూ వెళ్ళేదాన్ని. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడుతుంటే ఆమె కథ చెప్పేది. నేను రికార్డు చేసుకునేదాన్ని. శ్రమలోంచి పుట్టే సాహిత్యం గురించి నేను రాయబోయే వ్యాసానికి ఇంతకంటే ఏం కావాలి అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి కుంపటి మీద లక్క లేదు. ఆకుపచ్చటి కంప్యూటర్ బోర్డు ఉంది. గాజుల పని తగ్గిందట, కబాడీ అతను ఒక సంచీ పడేసి వెళ్ళాడట. ఏడో నెల కడుపుతో ఉన్న కోడలు పట్టకారుతో బోర్డుని వేడిచేసి, చిప్పులు వదులవగానే తట్టి రాలుస్తోంది. అలవాటు కొద్దీ ఆమె పక్కన కూచోబోయాను. "నక్కో బాజీ, ఉదర్ నక్కో బైఠో, ధువా ఆతా" అంది. పొగొస్తుంది, అక్కడ కూచోవద్దని. నన్ను పక్కకి జరిపి తను మాత్రం ఆ పొగలోనే కూచుంది.

ఆ పొగ ఏమిటో తర్వాత చదివి తెలుసుకున్నాను. పాత బోర్డులకి వాడిన టంకంలో తగరంతో పాటు సీసం ఉంటుంది. అది 183 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, దానికి కుంపటి చాలు. ఒంట్లోకి చేరిన సీసాన్ని ఎముకలు కాల్షియంలాగే దాచుకుంటాయి, అదీ ఏళ్ళ తరబడి. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు బిడ్డ కోసం ఎముకల్లోంచి కాల్షియం కదిలితే దాంతో పాటు సీసమూ కదులుతుంది. మాయ దాన్ని ఆపలేదు. ఆ పిల్ల ఈ నెలల్లో పీల్చిందే కాదు, ఎప్పుడో పీల్చిందీ బిడ్డకి చేరవచ్చన్నమాట. మాతృత్వాన్ని కీర్తించే కవిత్వాన్ని విమర్శిస్తూ ఎన్నో క్లాసులు చెప్పాను. తల్లి ఎముకల్లో ఇలాంటి జమా ఖర్చు ఒకటుంటుందని నాకు తట్టనేలేదు.

అంతకు రెండు నెలల ముందే మా విభాగంలో కండెమ్ చేసిన కంప్యూటర్ల జాబితా మీద సంతకం పెట్టాను. కమిటీలో ఒక మహిళ ఉండాలని నన్ను వేశారు. నా సిద్ధాంత గ్రంథం టైపు చేసుకున్న కంప్యూటరూ ఆ జాబితాలో ఉంది. వేలంలో ఎక్కువ పాడిన వాడికి ఇచ్చేశారు. ఇలాంటి సరుకుని విద్యాసంస్థలు అధీకృత సంస్థలకే అప్పగించాలన్న నిబంధన 2012 మే 1 నుంచీ ఉంది. పాటదారుకి ఆ అనుమతి ఉందా అని కమిటీలో ఎవరమూ అడగలేదు. ఆపా ఇంట్లో కాలింది మా బోర్డేనని చెప్పలేను. కాదని చెప్పే ధైర్యమూ లేదు.

తెలుసుకున్నదంతా ఆపాకి చెప్పాను. ఓపిగ్గా విని, "మేం వద్దంటే ఈ సంచీ ఎదురింటికి పోతుంది. ఈ నెల కిరాయి ఎట్లా మరి?" అంది. నా దగ్గర జవాబు లేదు. మా కంప్యూటర్లు పద్ధతి ప్రకారం ఏ ఫ్యాక్టరీకో వెళితే నా మనసు కుదుటపడుతుంది, ఆమె కిరాయి మాత్రం అలాగే ఉండిపోతుంది. విడదీత, రీసైక్లింగు పనివాళ్ళని గుర్తించి నమోదు చెయ్యాలనీ, వాళ్ళ ఆరోగ్యం, భద్రత చూడాలనీ 2016 నిబంధనల్లో ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలూ ఆ మాటే చెప్తాయి. కానీ నమోదు కావాలంటే ముందు పనివాళ్ళుగా కనబడాలి. ఇంట్లో కుంపటి ముందు కూచున్న ఆడదాన్ని మన లెక్కలు ఎప్పుడూ "ఖాళీగా ఉంది" అనే రాసుకుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం అసంఘటిత వ్యర్థాల రంగంలో పనిచేస్తున్న స్త్రీలు 1.29 కోట్ల దాకా ఉన్నారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అదే కుంపటి మీద జరిగే ఈ రెండో పనికి మాత్రం పేరు కూడా లేదు.

ఆ తర్వాత మళ్ళీ జాబితా వచ్చినప్పుడు, కొనేవాళ్ళ రిజిస్ట్రేషన్ కాపీ చూపిస్తేనే సంతకం పెడతానన్నాను. "సాహిత్యం వాళ్ళకి తుక్కు గొడవెందుకమ్మా?" అన్నారొకరు. కాపీ తెప్పించారు. నేను చేయగలిగింది అంతే. అది సగం పనేనని నాకు తెలుసు. నమోదైన చోట ఆపా కోడలికి మాస్కూ, చేతి తొడుగులూ, జీతమూ ఉన్న పని దొరికితేనే మిగతా సగం పూర్తయినట్టు.

ఆపాకి మనవరాలు పుట్టింది. రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయిద్దామన్నాను. "పిల్ల నవ్వుతూనే ఉంది కదా" అంది ఆపా. నేను మళ్ళీ అడగలేకపోయాను.

కథల మీద నా వ్యాసం అచ్చయింది, బాగుందన్నారు. అందులో కుంపటి ఉంది. దాని మీద లక్క మాత్రమే ఉంది. నేను రాయకుండా వదిలేసిన భాగమే ఇది.