మానేసిందా, మాన్పించారా?

ఇంగ్లీషు క్రియల వెనక చేరే చిన్న మాటల్ని మనం పెద్దగా పట్టించుకోం. ‘డ్రాప్’ అంటే పడటం, వదలడం. దానికి ‘అవుట్’ తగిలితే చదువు మధ్యలో మానేయడం. ‘డ్రాప్ అవుట్’ అకర్మక క్రియ. మానేసిన మనిషే దానికి కర్త, ఇంకెవరికీ అందులో చోటు లేదు. రెంటినీ కలిపి ‘డ్రాపవుట్’ అని రాస్తే, జరిగిన పని కాస్తా ఆ పిల్లకి పేరయిపోతుంది.

మా అమ్మ తునిలో ఎనిమిదో తరగతి చదువుతుండగా పెద్దమనిషైంది. పుస్తకాలు అటకెక్కాయి. ఆ సంగతి ఎప్పుడు చెప్పినా ఆవిడ మాట ఒకటే: “నన్ను బడి మాన్పించేశారు.” తాండవ వంతెన దాటి పాయకరావుపేటకి ట్యూషన్లకెళ్ళిన మావయ్యలు మాత్రం “అక్క చదువు మానేసింది” అంటారు. ఒకే ఇల్లు, ఒకే సంఘటన, రెండు క్రియలు.

అలాగని తెలుగును నెత్తికెత్తుకోలేను. ‘మాన్పించేశారు’లో కర్త ఉన్నట్టే గానీ కనపడడు. ఆ చివరి ‘రు’ చాటున ఎంతమందైనా దాక్కోవచ్చు. “ఎవరు మాన్పించారమ్మా?” అంటే, “ఎవరేంటే, ఇంట్లోవాళ్ళే” అంది. తండ్రి పేరు నోటివెంట రాలేదు.

ఇంగ్లీషుకి మాట లేకా కాదు. పిల్లని బడినుంచి లాగేస్తే ‘పుల్ అవుట్’ ఉంది. బడే గెంటేసిన పిల్లల్ని విద్యారంగంలో కొందరు ‘పుషవుట్’ అంటున్నారు. మన బడి లెక్కల్లో మాత్రం ‘డ్రాపవుట్’ స్థిరపడింది.

వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. ఆరు నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలకి చదువును హక్కు చేసిన 2009 నాటి చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. హక్కు అన్నాక, అది పోతే ఎవరు తీసుకున్నారని అడగాలి. ‘డ్రాపవుట్’ అని రాసినచోట ఆ ప్రశ్నే పుట్టదు. తొందరపెట్టిన పెళ్ళి, ఇంటిచాకిరీ, మరుగుదొడ్డి లేని బడి, అన్నీ పక్కకు తప్పుకుని, చదువబ్బని పిల్ల ఒక్కతే మిగులుతుంది.

ఆడవాళ్ళ మాటల్ని రికార్డు చేసి ఇంగ్లీషులోకి తెచ్చేది ఎక్కువగా మనమే. ‘మాన్పించారు’ అన్నదాన్ని ‘డ్రాప్డ్ అవుట్’ అని రాస్తే, ఆమె సగం చెప్పిన కర్తను మనం పూర్తిగా చెరిపేసినట్టే. ‘వాజ్ టేకెన్ అవుట్’ అని రాద్దాం. ఆపైన, రికార్డరు కట్టేసే ముందు, “ఎవరు?” అని ఇంకొక్కసారి అడుగుదాం.