అక్క ఎంచుకోని చదువు

పోయిన ఫిబ్రవరిలో ఖమ్మం జిల్లాలోని ఒక బాలికల ఉన్నత పాఠశాలకు వెళ్ళాను. పది తర్వాత ఏమేం చదవొచ్చో పిల్లలకు చెప్పమని అక్కడి ప్రధానోపాధ్యాయురాలు పిలిచారు. సాహిత్యంలో పిహెచ్‌డి చేసిన నన్ను ఇలాంటి మాటలకెందుకు పిలిచారో నాకు తెలుసు. ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి వెళ్ళి డాక్టరేట్ తెచ్చుకున్న ఆడపిల్లలు ఎక్కువమంది లేరు. నన్ను చూస్తే పిల్లలకు ధైర్యం వస్తుందని ఆవిడ ఆశ.

బాగానే తయారై వెళ్ళాను. ఇంటర్ గ్రూపులు, పాలిసెట్ రాసి చేరే పాలిటెక్నిక్, ఐటిఐ ట్రేడులు, ఇంటర్ ఒకేషనల్ కోర్సులు అన్నీ బోర్డు మీద రాసి వివరించాను. రెండో వరసలో ఉన్న పిల్ల లేచి, "మేడమ్, ఒకేషనల్ అంటే మార్కులు రానోళ్ళకే కదా?" అంది. కాదని చెప్పాను. చేతిపనికీ మెదడు పనికీ ఎక్కువ తక్కువలు లేవని, శ్రమను గౌరవించడం నేర్చుకోవాలని ఓ పది నిమిషాలు మాట్లాడాను. ఆ పిల్ల శ్రద్ధగా విని, "మీ ఇంట్లో ఎవరైనా చదివారా మేడమ్?" అని అడిగింది.

"మాకు దూరపు బంధువు ఒకావిడ చదివింది" అన్నాను.

ఆ దూరపు బంధువు మా అక్క. నాకన్నా రెండేళ్ళు పెద్దది. పదిహేనేళ్ళు ఇద్దరం ఒకే మంచంలో పడుకున్నాం. తిరుగు బస్సులో కూర్చున్నాక గానీ నేనన్నమాట నాకు తగల్లేదు.

అక్క 2000లో పది పాసైంది. రెండేళ్ళ తర్వాత నాకొచ్చిన మార్కుల కన్నా ఆరు మార్కులు ఎక్కువే. బైపీసీ తీసుకుంటానంది. ఆ ఏడు మా కౌలు చేలో పత్తి చేతికి రాలేదు. పైగా ఇంట్లో ఇద్దరం ఆడపిల్లలం. మా మేనమామ వచ్చి నాన్నతో, "బైపీసీ చదివి ఏం చేస్తుంది బావా, డాక్టరీ చదివిస్తావా ఏంది? ఎంపీహెచ్‌డబ్ల్యూలో వెయ్యి, రెండేళ్ళలో చేతికి ఉద్యోగం" అన్నాడు. అంతే, తేలిపోయింది. ఆ సంభాషణ జరుగుతున్నప్పుడు అక్క వంటింట్లో వాళ్ళకే టీ పెడుతోంది.

ఎంపీహెచ్‌డబ్ల్యూ అంటే మల్టీపర్పస్ హెల్త్ వర్కర్. ఇంటర్ బోర్డు నడిపే రెండేళ్ళ ఒకేషనల్ కోర్సుల్లో అదొకటి. చివర బ్రాకెట్లో ఎఫ్ అని ఉంటుంది, ఫిమేల్ అని. అక్క కాలేజీలో ఎలక్ట్రికల్, ఆటోమొబైల్ కోర్సుల నిండా మగపిల్లలే. ఆడపిల్లలంతా ఎంపీహెచ్‌డబ్ల్యూలో, బట్టలు కుట్టే కోర్సులో ఉండేవారు. మా హైస్కూల్లోనూ అంతే. క్రాఫ్ట్ పీరియడ్లో మాకు గుడ్డముక్కల మీద హెమ్మింగూ కాజాలూ, మగపిల్లలకేమో రంపం, ఉలి. ఎవరికేది కావాలని ఎప్పుడూ ఎవరూ అడగలేదు. అడగాల్సిన విషయమని మాకూ తోచలేదు.

తర్వాత పరిశోధన కోసం పాత నివేదికలు తిరగేస్తున్నప్పుడు తెలిసింది, ఈ విషయం పెద్దవాళ్ళకు ఎప్పుడో తోచిందని. 1958లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన స్త్రీ విద్య మీద జాతీయ కమిటీ వేశారు. ఆ తర్వాత 1960ల మొదట్లో హంసా మెహతా కమిటీ ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు పాఠ్యాంశాలుండాలా అన్న ప్రశ్ననే తీసుకుని, ఉండకూడదని చెప్పింది. అప్పటికి మా అమ్మ ఇంకా పుట్టలేదు. నేను కాజాలు కుట్టింది 1990లలో.

ఇంకాస్త వెనక్కి వెళితే 1953. మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ ప్రాథమిక పాఠశాలల్లో ఒక పద్ధతి తెచ్చారు. ఆంధ్ర రాష్ట్రం విడిపోవడానికి కొన్ని నెలల ముందు మాట అది. పిల్లలు బడికి ఒక పూటే రావాలి, రెండో పూట ఇంట్లో తండ్రి చేసే పని నేర్చుకోవాలి. ఇది చదువు పేరుతో కులవృత్తిని కట్టబెట్టడమేనని పెరియార్ లాంటివాళ్ళు లేచి నిలబడ్డారు. 1954లో రాజాజీ పదవి వదులుకున్నాక కామరాజ్ ఆ పథకాన్ని తీసేశారు. ఈ కథ మనలో చాలామందికి తెలిసిందే. కానీ ఆ రెండో పూట ఆడపిల్లలు ఏం నేర్చుకోవాలన్నారో అంతగా చెప్పుకోం. తల్లి దగ్గర ఇంటిపని నేర్చుకోవాలన్నారు. ఏ కులంలో పుట్టినా ఆడపిల్లకు ఇంకో కులవృత్తి కూడా ఉంటుందన్నమాట. పథకం పోయింది గానీ ఆ రెండో పూట పోయిందా? అక్క తరగతిలో దాదాపు అందరూ దళిత, గిరిజన, బీసీ పిల్లలే. నేర్చుకున్నది సేవ, కుట్టు, శుభ్రత.

ఇలా అంటున్నానని వృత్తివిద్యనే తప్పుపడుతున్నాననుకోకండి. అక్క పని చేస్తుంటే చూశాను. పుట్టిన బిడ్డకు బీసీజీ ఎడమ భుజం మీద చర్మం పొరలోకే ఇవ్వాలి. సూది సరిగా దిగితే అక్కడ చిన్న బొబ్బలా లేస్తుంది. లేవకపోతే మందు లోతుకు పోయినట్టే. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ, భయంతో ఒళ్ళు బిగించుకున్న తల్లి, వాళ్ళ మధ్య అక్క చెయ్యి వణకదు. బుధవారం, శనివారం టీకాల రోజులు. ఐస్ ప్యాకులు సర్దిన డబ్బా భుజాన వేసుకుని తండాలకు వెళుతుంది. ఏ గర్భిణికి రక్తం తక్కువుందో, ఏ ఇంట్లో రెండో కాన్పుకే ఆపరేషన్ చేయించుకోమంటే అత్తగారు ఒప్పుకోవడం లేదో ఆమెకు నోటికి తెలుసు. దీన్ని చదువు కాదని ఎవరనగలరు?

అక్కను గాయపరిచింది కోర్సు కాదు. ఆ కోర్సు తర్వాత దారి మూసి ఉందని నమ్మించడం. రెండేళ్ళ ఇంటర్, ఆపైన ఆస్పత్రిలో ఏడాది శిక్షణ అయ్యాక అక్కకు బీఎస్సీ నర్సింగ్ చదవాలనిపించింది. "నీది ఒకేషనల్, నీకు రాదు" అన్నారు కాలేజీలో. అది నిజం కాదు. ఒకేషనల్ పిల్లలు సైన్సు సబ్జెక్టుల్లో బ్రిడ్జి కోర్సు పరీక్షలు విడిగా రాసి గట్టెక్కితే పై చదువులకు అడ్డు తొలగుతుంది. ఆ మాట అక్కకు తెలిసేసరికి పెళ్ళయి, చంకలో పిల్ల ఉంది.

ఈలోగా నేను ఇంటర్లో చేరాను. నా ఫీజు అక్క శిక్షణలో వచ్చిన కొద్దిపాటి స్టైపెండు నుంచి, ఆ తర్వాత ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో రాత్రి డ్యూటీల జీతం నుంచి వచ్చింది. డిగ్రీ అయింది, ఎమ్మే అయింది, పిహెచ్‌డి అయింది. నా సిద్ధాంత గ్రంథం తెలుగు కథల్లో స్త్రీల శ్రమ గురించి. ముందు పేజీలో గురువులకు, గ్రంథాలయాలకు, స్నేహితులకు కృతజ్ఞతలు రాసి, చివర "ప్రేమనందించిన అక్కకు" అని రాశాను. డబ్బులందించిన అక్కకు అని రాయడానికి చెయ్యి రాలేదు. శ్రమ గురించి మూడొందల పేజీలు రాసినదాన్ని.

1986 జాతీయ విద్యా విధానం 1995 నాటికి ఇంటర్ స్థాయి పిల్లల్లో 25 శాతాన్ని వృత్తివిద్య వైపు మళ్ళిస్తామంది. జరగలేదు. 2020 నాటి విధానం 2025కల్లా కనీసం సగంమంది విద్యార్థులకు వృత్తివిద్య పరిచయం కావాలంది. ఈ చదువును తక్కువగా చూస్తున్నారని, మామూలు చదువు అందుకోలేనివాళ్ళకే అనుకుంటున్నారని ఆ పత్రమే ఒప్పుకుంది. చూస్తున్నది ఎవరు? మనమే. శ్రమ గౌరవం గురించి వ్యాసాలు రాసే మనం మన పిల్లల్ని ఎక్కడ చేర్పిస్తున్నామో ఒక్కసారి చూసుకుంటే చాలు. నేను బస్సులో ఉండగానే చూసుకున్నాను. అక్క కాంట్రాక్టు మీద రెండో ఏఎన్‌ఎం. 2023 ఆగస్టులో తెలంగాణలో రెండో ఏఎన్‌ఎంలు తమను పర్మినెంట్ చేయమని సమ్మె చేసినప్పుడు టెంటు కింద కూర్చుంది. నేను డిగ్రీ కాలేజీలో క్లాసుకింతని తీసుకునే గెస్టు లెక్చరర్ని. ఇద్దరికీ రేపటి మీద భరోసా లేదు. అయినా నన్ను పిల్లలకు చూపించడానికి పిలుస్తారు. అక్కను నేనే దాచిపెట్టాను.

ఆ రాత్రి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఏడుస్తుందో తిడుతుందో అనుకున్నాను. అక్క నవ్వింది. "దూరపు బంధువునేలే, నెలకోసారేగా ఫోన్ చేస్తావు" అంది. కాసేపాగి, "ఇంతకీ ఆ పిల్లకు బ్రిడ్జి కోర్సు సంగతి చెప్పావా?" అని అడిగింది.

చెప్పలేదు. ముప్పావుగంట మాట్లాడి, గౌరవం గురించి అంతసేపు చెప్పి, ఆ ఒక్క ముక్క చెప్పలేదు.

తర్వాతి వారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఎవరూ పిలవలేదు, నేనే అడిగి వెళ్ళాను. మొదట అబద్ధం సంగతి చెప్పాను. ఆవిడ మా అక్క అన్నాను. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత అక్కతో మాట్లాడి రాసుకున్న కాగితం తీశాను. ఏ కోర్సులోనైనా చేరేముందు అడగాల్సిన ప్రశ్నలవి. కాలేజీలో పనిముట్లున్నాయా, లేక పుస్తకంలో బొమ్మలే చూపిస్తారా? శిక్షణ ఏ ఆస్పత్రిలో, ఏ వర్క్‌షాపులో ఇస్తారు? స్టైపెండు ఇస్తారా? ఆ సర్టిఫికెట్‌తో కౌన్సిల్లో పేరు నమోదవుతుందా? ఇక్కణ్ణుంచి పైకి ఏ పరీక్ష రాసి వెళ్ళొచ్చు? పాలిటెక్నిక్ చదివిన పిల్ల ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చని, ఒకేషనల్ చదివినవాళ్ళకు బ్రిడ్జి కోర్సు ఉందని పెద్ద అక్షరాలతో రాశాను. మోటారు బాగుచేసే ఐటిఐ ట్రేడుల్లో ఆడపిల్లలు కూడా చేరొచ్చని, చేరితే ఎవరూ ఆపలేరని చెప్పాను. చివరి ప్రశ్న అక్కది. "ఇది నాకిష్టమేనా, లేక ఇంట్లో టీ పెడుతుంటే ఎవరో తేల్చేశారా?"

ఆ రెండో వరస పిల్ల అన్నీ నోటు పుస్తకంలో ఎక్కించుకుంది. అయిపోయాక నా దగ్గరకొచ్చి, "మేడమ్, మీ అక్క నంబరిస్తారా? మా అమ్మతో మాట్లాడించాలి" అంది.

అక్కనడిగి ఇచ్చాను.