రైలాగని ఊరు

కిందటి నెల మా ఇద్దరికీ ఒకేసారి రెండు రోజులు సెలవు దొరికింది. ఆసుపత్రి ఉద్యోగాల్లో అదెంత అపురూపమో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. పాపను తీసుకుని ఆక్స్‌ఫర్డు దాటి ఆడిల్‌స్ట్రాప్ అనే పల్లెకు వెళ్ళాం. చూడవలసినదల్లా ఒక బస్ షెల్టరు! అందులో పాత రైల్వే స్టేషను పేరు బోర్డు, ఒక బెంచీ ఉన్నాయి.

ఆ స్టేషను 1853లో తెరిచారు. 1914 జూన్ 24న అక్కడ ఆగిన రైల్లో ఎడ్వర్డ్ థామస్ అనే రచయిత ఉన్నాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేళ్ళు, మా వయసే. రైలు దిగను కూడా లేదు. ఆ కాసేపట్లో చూసినదాన్ని నోటుపుస్తకంలో రాసుకుని, మరుసటి జనవరిలో ఆ ఊరి పేరుతోనే పదహారు పాదాల పద్యం చేశాడు. 1917 ఏప్రిల్ 9న ఫ్రాన్సులో ఆరాస్ యుద్ధంలో చనిపోయాడు.

1963లో బీచింగ్ నివేదిక 2,363 స్టేషన్లు మూసెయ్యమంది. ఖర్చులు గిట్టవని. ఇది 1966లో మూతపడింది. కట్టడాలు పడగొట్టారు. పట్టాలు మాత్రం ఉన్నాయి. కింగ్‌హామ్‌లో ఆగిన రైలు ఇక్కడ ఆగకుండా మోర్టన్‌కు పోతుంది. పద్యం చెక్కిన ఫలకం బెంచీకి ఉంది. హైస్కూలు తరువాత ఇంగ్లీషు పద్యం చదవని మేము దాన్ని రెండుసార్లు చదివాం.

మా నాన్నగారు కూడా ఒక చిన్న స్టేషనులో మాస్టరుగా చేశారు. అక్కడా ఇప్పుడు రైలాగదు. 2020లో ఆయన పోయినప్పుడు విమానాలు లేవు. మేము కోవిడ్ వార్డులో డ్యూటీలో ఉన్నాం. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తం.

పాప బోర్డు మీద చెయ్యి వేసి, "తాతగారి బోర్డు ఏ బస్ షెల్టర్లో పెట్టారు?" అని అడిగింది. మాకు తెలియదు. అక్కడినుంచే అమ్మకు ఫోను చేశాం.

"బోర్డు ఏమయిందో నాకేం తెలుసు నాయనా" అంది. కాసేపు ఊరుకుని, "పొద్దున ఆరుంబావుకి పాసింజరు. దానికి జెండా ఊపి వచ్చాకే మీ నాన్న కాఫీ తాగేవారు. పదకొండు ఇరవైకి ఇంకోటి..." అంటూ మొదలుపెట్టింది. పాప కాగితం తీసుకుని, రాత్రి బండి దాకా అన్నీ రాసుకుంది.