కెంటు సీమలో ఒక ‘ఫ్రీ హౌసు’

క్రిందటి వేసవి సెలవుల్లో మా అక్కయ్య రమ్మని రమ్మని ప్రాణం తీస్తే ఇంగ్లండు వెళ్ళాను. బావ అక్కడ కెంటు సీమలో ఒక ఆస్పత్రిలో పని చేస్తున్నాడు. వాళ్ళ కాపురం రామ్స్‌గేట్ అనే రేవు పట్నంలో. వెళ్ళిన మూడో రోజు సాయంత్రం సముద్రపుటొడ్డున షికారు పోతూ వుంటే ఒక పాతకాలపు భవనం మీద బంగారు అక్షరాలతో ‘ఫ్రీ హౌస్’ అని రాసి వుంది.

“చూశావా బావా! సత్రాలు కట్టించడం మనవాళ్ళకే తెలుసనుకున్నాను. వీళ్ళకూ వుందన్నమాట ఆ ధర్మబుద్ధి!” అన్నాను.

బావ పది గజాలు నడిచేదాకా నవ్వుతూనే వున్నాడు. “ఏమోయ్ పంతులూ, లోపలికి వెళ్ళి ఉచితంగా భోజనం పెట్టమను. నేను యిక్కడే నిలబడి చూస్తాను” అన్నాడు.

అది బీరు అమ్మే పబ్బు. ‘ఫ్రీ’ అంటే ఉచితం కాదట, స్వేచ్ఛ అట. ఎవరికి స్వేచ్ఛ అంటే, తాగేవాడికి కాదు, అమ్మేవాడికి! నాకు తాగే అలవాటు లేదు. గొప్పకు చెప్పడం లేదు సుమండీ; మంచి కాఫీ దొరుకుతూ వుండగా యింకొకటి ఎందుకని ఎప్పుడూ తోచలేదు. కాని తెలుగు మేష్టర్ని కదా, మాట ఒకటి చేతికి చిక్కితే దాన్ని విడదీసి చూసేదాకా నిద్రపట్టదు. ఇంటికి వచ్చి బావను నిలేశాను.

పబ్బు అంటే మన సారా కొట్టు లాంటిదనుకుంటే పొరపాటు. రచ్చబండా, కాఫీ హోటలూ, సారా కొట్టూ మూడూ ఒకే కప్పు కింద వుంటే ఎలా వుంటుందో అలా వుంటుంది. అలాంటి ఇళ్ళు చాలావాటికి తరతరాలుగా యజమాని బీరు కాచే కంపెనీయే. నడిపేవాడు అద్దెదారు. అద్దె కొంచెం తక్కువే పుచ్చుకుంటారు. కాని బీరు మాత్రం వాళ్ళ దగ్గరే, వాళ్ళు చెప్పిన ధరకే కొనాలి. ఈ కట్టుబాటును వాళ్ళు ‘టై’ అంటారు. అంటే ముడి. ఇంటికి కట్టేది పొడి అద్దె, బీరు ధరలో కలిపి లాగేది తడి అద్దె అని కూడా అంటారట. వ్యాపారస్తులు కూడా అప్పుడప్పుడు మంచి మాటలు పుట్టిస్తారు! ఏ ముడీ లేనివాడు గోడ మీద ‘ఫ్రీ హౌస్’ అని రాసుకుంటాడు.

ఈ సంగతి వింటూ వుంటే నాకు తెనాలిలో మా మేనమామ కూల్‌డ్రింకుల కొట్టు గుర్తుకు వచ్చింది. 1990ల్లో, నేను బళ్ళో చదువుకునే రోజుల్లో, ఒక కంపెనీవారు వచ్చి పైసా పుచ్చుకోకుండా అద్దాల ఫ్రిజ్ పెట్టి వెళ్ళారు. షరతు ఒక్కటే, అందులో పరాయి సీసా కనిపించకూడదు. మామయ్యేమో వెనక వీధిలో తయారయ్యే గోలీసోడాలు ఎన్నో ఏళ్ళుగా అమ్ముతున్నాడు. చల్లగా వుంటే జనం మరో రెండు తాగుతారన్న ఆశతో వెనక వరసలో ఓ డజను దాచాడు. కంపెనీ మనిషి ఒకనాడు వచ్చి, తలుపు తీసి, భుజం దాకా చెయ్యి పెట్టి తడిమి చూశాడు. మర్నాడు ఫ్రిజ్ బండెక్కింది. మండు వేసవి. సోడాలు కట్టే ఆయన వచ్చి “నా మూలాన నీకు నష్టం. ఇక నా సరుకు పెట్టకు బాబాయ్” అని తల వంచుకు నిలబడడం నా కళ్ళ ముందు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ వారంలోనే బావ సెలవు పెట్టి నన్ను ఫావర్షాం అనే వూరికి తీసుకు వెళ్ళాడు. రైలు మార్గేట్, హెర్న్ బే, విట్‌స్టబుల్ మీదుగా పోతుంది. ఒక పక్క సముద్రం, ఒక పక్క పచ్చటి చేలు. కెంటు హాప్ అనే తీగకు పేరుపడ్డ సీమ. బీరుకు చేదు వచ్చేది ఆ తీగ పువ్వు వల్లనే. దొండపాదులాగా తాళ్ళ మీదుగా పైకి పాకుతుంది. ఒకప్పుడు సెప్టెంబరులో పువ్వు కోతకు లండన్ తూర్పు పేటల నుంచి బీదవాళ్ళు పిల్లాజెల్లాతో తరలి వచ్చేవారట, మన గుంటూరు సీమకు మిరపకాయ కోతకు వచ్చినట్టు. పువ్వు ఆరబెట్టడానికి కట్టిన గోపురపు కప్పుల ఇళ్ళు అక్కడక్కడా కనిపిస్తాయి. ఇప్పుడు వాటిలో చాలామట్టుకు డబ్బున్నవాళ్ళు కాపురాలుంటున్నారు.

ఫావర్షాంలో షెపర్డ్ నీమ్ అనే బ్రూవరీ వుంది. 1698లో పుట్టామనీ, దేశంలోకల్లా పాతవాళ్ళం మేమేననీ చెప్పుకుంటారు. వీధిలోకి వెళ్ళేసరికి అంబలి కాగుతున్న వాసన. ఆగ్నేయ ఇంగ్లండులో వాళ్ళకు దాదాపు 300 పబ్బులున్నాయి. ఎన్నో గ్రామాల్లో పబ్బు గుమ్మం మీద ఆ ఒక్క పేరే కనిపిస్తుంది. ఇక్కడ నేను ఒకటి ఒప్పుకోవాలి. ముడి అనగానే నాకు ఫ్రిజ్ గుర్తొచ్చి కోపం వచ్చింది గాని, చేతిలో పెట్టుబడి లేని మొగుడూ పెళ్ళాలకు తలుపులూ కిటికీలూ, పైన వుండడానికి గదులూ ఇచ్చి ‘వ్యాపారం చేసుకోండి’ అనేవాడు ఇంకెవడున్నాడు? ఆ ముడి లేకపోతే ఆ వూళ్ళల్లో కొన్ని దీపాలు ఎప్పుడో ఆరిపోయేవేమో.

ప్రభుత్వం ఈ ముడి విప్పాలని ఒకసారి చూసింది. 1989లో ఒక ఉత్తర్వు చేశారు. 2,000కు మించి పబ్బులున్న బ్రూవరీ, ఆ పైనున్నవాటిలో సగం అమ్మెయ్యాలి, లేదా ముడి విప్పాలి. పెద్ద బ్రూవరీలు అమ్మేశాయి. కొన్నదెవరు? అద్దెదార్లు కాదు. చుక్క బీరు కాచని కొత్త కంపెనీలు వేలకు వేలు కొని, బ్రూవరీల దగ్గర టోకున చవగ్గా తీసుకుని, అద్దెదార్లకు పాత ముడితోనే అమ్మడం మొదలెట్టాయి. ముడి అలాగే వుంది, పట్టుకున్న చెయ్యి మారింది. ఉత్తర్వును 2003లో రద్దు చేసేశారు.

తిరుగు ప్రయాణంలో హెర్న్ బే స్టేషను దగ్గర బావ కిటికీ లోంచి వేలు పెట్టి చూపించాడు. అటు లోపల హెర్న్ అనే గ్రామంలో 2005లో మార్టిన్ హిల్లియర్ అనే ఆయన, ఒకప్పటి మాంసం కొట్టు గదిలో చిన్న పబ్బు తెరిచాడు. పేరు కూడా ‘బుచర్స్ ఆర్మ్స్’ అనే పెట్టాడు. ఆ ఏడు నవంబరులో అమల్లోకి వచ్చిన లైసెన్సు చట్టం వల్ల చిన్నవాడికి అనుమతి దొరకడం సులువైంది. పాటల పెట్టె లేదు, జూదపు యంత్రం లేదు, వంట లేదు. పీపాలో బీరూ, నలుగురి మాటలూ, అంతే. దాన్ని చూసి కెంటు తీరం పొడుగునా ఖాళీ కొట్లలో ఇలాంటి ‘మైక్రోపబ్బు’లు వెలిశాయి.

రామ్స్‌గేట్‌లో అలాంటిదొకటి బావకు పరిచయం. యజమాని ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపి, ఆ దాచుకున్న డబ్బుతో ఒక మూతబడ్డ పూల కొట్టు అద్దెకు తీసుకున్నాడు. మేము వెళ్ళేసరికి వెనక చల్లటి గదిలో కొయ్య దిమ్మె మీద పీపాకు కుళాయి దిగగొడుతున్నాడు. నన్ను లోపలికి పిలిచి ఎంతో ఓపికగా చెప్పాడు. ఈ బీరు బ్రూవరీలో పూర్తి కాదు. పీపాలో యీస్టు బతికి వుండి పని చేస్తూనే వుంటుంది. మడ్డి పేరుకోవడానికి చాలామంది చేప గాలితిత్తితో చేసిన పదార్థం వేస్తారు. (ఈ ముక్క విన్నాక అక్కయ్య ఆ వీధినే రావడం మానేసింది.) పీపా తెరిచాక గాలి తగిలి మూడు రోజుల్లో పులుపెక్కుతుంది.

“మా దగ్గర తాటికల్లు కూడా అంతే. పొద్దున దించింది సాయంత్రానికి వేరే సరుకు” అన్నాను.

ఆయన సుత్తి పక్కన పెట్టి, “అయితే మీవాడి కష్టం నాకన్నా ఎక్కువే” అన్నాడు.

చిన్న పీపా అంటే తొమ్మిది గ్యాలన్లు, 72 పైంట్లు. మూడు రోజుల్లో అమ్మాలంటే రోజుకు 24. రెండు రోజులు వాన పడి జనం రాకపోతే మిగిలింది కాలవలోకే. ఆ నష్టం ఏ కంపెనీ భరించదు. అందుకని ఆయన ఒక్కసారి రెండు పీపాలే తెరుస్తాడు. ఎవరికి ఏది ఇష్టమో గుర్తుపెట్టుకుని ఫోను చేసి తెప్పిస్తాడు. దగ్గరి బ్రూవరీ కుర్రాడు తన వ్యానులో తనే తెచ్చి ఇచ్చి, కాసేపు బల్ల మీద కూర్చుంటాడు. ముసలివాళ్ళు ‘ఈసారి నీ బీరు పలచబడిందోయ్’ అని మొహం మీదే అంటారు. దూరపు సరుకు టోకు వర్తకుడి లారీలో వస్తుంది. అది తెచ్చినంత చురుగ్గా ఖాళీ పీపాలు తిరిగి పట్టుకుపోరట. అవి గది నిండా అడ్డంగా పడి వుంటాయి. పీపా చెడిపోయి వస్తే బ్రూవరీవాడు సొమ్ము వెనక్కి ఇస్తాడు, వ్యానులో వచ్చేవాడైతే ఆ రోజే, టోకు వర్తకుడి ద్వారా అయితే నాలుగు ఉత్తరాల తర్వాత. ఈయన మాత్రం చిన్నవాళ్ళ దగ్గర బాకీ పెట్టడు. “నెల్లాళ్ళు నేను ఆగితే ఆ కుర్రాడు బార్లీ కొనలేడు” అన్నాడు.

నేను అర పైంటు తీసుకుని రెండు గుక్కలు తాగాను. చల్లదనం అంతంతమాత్రం, నురుగు తక్కువ, చేదు మాత్రం ఉగాది పచ్చడిలో వేపపువ్వే. మిగతాది బావ పుణ్యం కట్టుకున్నాడు.

మా రాష్ట్రాల్లో ఎలాగని ఆయన అడిగాడు. ఆంధ్రలో 2019 నుంచి 2024 దాకా ప్రభుత్వమే కొట్లు నడిపిందనీ, తరవాత చీటీలు తీసి ప్రైవేటువాళ్ళకు ఇచ్చారనీ, చీటీ తగలకపోయినా దరఖాస్తుకు కట్టిన రెండు లక్షలూ తిరిగి రావనీ చెప్పాను. ఏ బ్రూవరీ అయినా ప్రభుత్వ డిపోకే అమ్మాలి, కొట్టువాడు డిపోలోనే కొనాలి. కాచేవాడూ అమ్మేవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర లేదు. తెలంగాణాలో ధర పెంచడం లేదనీ, బాకీలు తీరడం లేదనీ 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్‌వారు సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఆ నెలలోనే మళ్ళీ మొదలెట్టారు. ఫిబ్రవరిలో ప్రభుత్వం ధర 15 శాతం పెంచింది. అంతా విని ఆయన, “అయితే పీపా బాగాలేదని మీవాడు ఎవరికి ఫోను చేస్తాడు?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అక్కయ్యకు పొద్దున్నే నడకలో తోడు వచ్చే ఆవిడ ఒకరున్నారు. అరవై దాటి వుంటాయి. పక్క వూళ్ళో ముడి పబ్బు నడుపుతోంది. భర్త పోయి నాలుగేళ్ళయింది. యజమాని బ్రూవరీ కాదు, ఇందాక చెప్పిన బాపతు పెద్ద కంపెనీ. ఒకరోజు మమ్మల్ని తేనీటికి పిలిచింది. నేను బస్సు డ్రైవరు గారి సంగతి ఎత్తేసరికి లేచి వెళ్ళి రెండు బిల్లులు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకే రకం బీరు, ఒకే కొలత. బయట దొరికే ధరకూ, ఆవిడ కంపెనీకి కట్టే ధరకూ పదుల పౌండ్ల తేడా.

“మరి చాటుగా బయట ఒకటి కొనకూడదా?” అన్నాను, మామయ్య మేనల్లుణ్ణి కనక.

ఆవిడ నేలమాళిగలోకి దింపి, బీరు పైకెక్కే గొట్టాలు చూపించింది. ప్రతి గొట్టానికీ ఒక చిన్న మీటరు. పోసిన ప్రతి పైంటూ కంపెనీకి లెక్క తెలుస్తుంది. అమ్మింది కొన్నదానికన్నా ఎక్కువైతే ఉత్తరం వస్తుంది. ఆ మీటరును నేను చాలాసేపు చూస్తూ నిలబడిపోయాను.

2015లో పార్లమెంటు చట్టం చేసి, 2016 జులై నుంచి పబ్బుల నియమావళి ఒకటి అమల్లో పెట్టింది. 500, అంతకు మించి ముడి పబ్బులున్న కంపెనీల అద్దెదారు, అద్దె సవరించే సమయంలో, ‘బజారు అద్దె కడతాను, బీరు నాకిష్టమైన చోట కొంటాను’ అని అడగవచ్చు. తగవు వస్తే తీర్చడానికి ఒక అధికారి కూడా వున్నాడు. ఆవిడకు ఆ సమయం వచ్చింది. కొత్త అద్దె కాగితం సొరుగులో వుంది. గడువు కొద్ది రోజులే.

“అడిగితే బజారు అద్దె ఎంతంటారో తెలియదు. బీరులో మిగిలింది అద్దెలో పోవచ్చు. కంపెనీ ఇచ్చే చిన్న సాయాలు ఆగిపోతాయి. అడక్కపోతే ఇదిగో, ఈ బిల్లులు. తాళాలు తిరిగి ఇచ్చేద్దామంటే, నా మంచం పై గదిలోనే వుంది కదా” అంది.

ఎదురుగా బల్ల దగ్గర ఒక ముసలాయన పొద్దున పత్రిక చదువుకుంటున్నాడు. ఆ కుర్చీ ఆయనదేనట. ఆయన భార్య పోయిన రోజు కూడా అక్కడే వచ్చి కూర్చున్నాడట. ఆవిడ ఆయన వైపు చూసి ఇంకేమీ అనలేదు. అక్కయ్య టీ కప్పులు తీసి పెట్టింది.

జూన్‌లో తిరిగి వచ్చాక తెనాలి వెళ్ళి మామయ్యకు ఇదంతా చెప్పాను. ఆయనకిప్పుడు డెబ్బయ్యయిదు. కొట్టు అదే, ఫ్రిజ్ మాత్రం అప్పు చేసి తనే కొన్నది. హాప్ తీగా, ఫావర్షామూ ఆయన చెవికెక్కలేదు. మీటరు దగ్గరికి వచ్చేసరికి నిటారుగా కూర్చున్నాడు.

“గొట్టంలోనే పెట్టారా?”

“గొట్టంలోనే.”

“మావాడు కనీసం చెయ్యి పెట్టి వెతికాడు” అన్నాడు. కాసేపు ఆగి, “ఇంతకీ ఆవిడ అడిగిందా, లేదా?” అన్నాడు.

“అడిగిందట మామయ్యా. అక్కయ్య ఫోను చేసింది. అద్దె ఎంతో ఇంకా తేలలేదట.”

“తేలాక నాకు చెప్పు” అని లేచి, ఫ్రిజ్‌లో ముందు వరస లోంచి సోడా ఒకటి తీసి, గోలీ నొక్కి నా చేతికిచ్చాడు.