వైజాగ్‌లో పాత గూఢచారుల వేట

గూఢచారి కథలకి తెలుగునేల మీద వైజాగ్‌ని మించిన ఊరు లేదు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ముందు సెల్ఫీ దిగి, కాస్త దూరంలో ఉన్న ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం దగ్గరికి నడవండి. 1971 డిసెంబరులో విక్రాంత్ నౌకని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది ఈ తీరానికి దగ్గర్లోనే. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. ఇక్కడున్న ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ‘నేనే విక్రాంత్‌ని’ అన్నట్టు వైర్‌లెస్‌లో నాటకమాడింది. మొన్నమొన్నటి సంగతి కావాలా? 2019 డిసెంబరులో ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో కొందరు నేవీ సిబ్బందిని అరెస్టు చేశారు. సోషల్ మీడియాలో అమ్మాయిల పేర్లతో వల వేసి, వాళ్ల నుంచి రహస్యాలు లాగారన్నది కేసు. ఆ తర్వాతే నేవీ స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు బంద్ అయ్యాయి.

ఇలాంటి ఊళ్లో నేను వెతికేది మాత్రం కాగితం గూఢచారుల్ని. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. మధుబాబు గారి షాడో. మీ నాన్నగారినో మావయ్యనో అడగండి, షాడో పేరెత్తగానే ముఖం వెలిగిపోతుంది. ఆ నవలల మొట్టమొదటి ముద్రణ, అదే అట్టతో కావాలి నాకు.

ఇది ఇంగ్లిష్‌వాళ్లకి పెద్ద వ్యాపారం. మొదటి జేమ్స్ బాండ్ నవల ‘క్యాసినో రాయల్’ని 1953లో జొనాథన్ కేప్ సంస్థ వేసినప్పుడు అచ్చయినవి 4,728 కాపీలే. వాటిలో చాలా భాగం లైబ్రరీలకి పోయి, స్టాంపులు పడి, నలిగిపోయాయి. పైన చుట్టే కాగితం అట్టతో సహా శుభ్రంగా మిగిలిన కాపీకి ఇవాళ లక్షల రూపాయలు పలుకుతుంది. ఆ అట్ట లేకపోతే రేటు దబ్బున పడిపోతుంది. వాళ్లకున్న సుఖం ఏంటంటే, ఏ ముద్రణ ఏ సంవత్సరమో పుస్తకం లోపలే రాసి ఉంటుంది.

మన దగ్గర ఆ సుఖం లేదు. చవక డిటెక్టివ్ నవలల్లో చాలావాటి మీద సంవత్సరమే ఉండదు! కాబట్టి పుస్తకం దొరికాక అసలు డిటెక్టివ్ పని మొదలవుతుంది. ముందు వెల చూడాలి. అణాల్లో ఉంటే 1957కి ముందుదో, ఆ కాస్త తర్వాతదో. ఆ ఏడాది ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. ‘న.పై.’ అని ఉంటే పండగే, ఎందుకంటే నయాపైస అన్న మాట 1957 నుంచి 1964 దాకానే నడిచింది. ఉట్టి ‘పైసలు’ అని ఉంటే ఆ తర్వాతది. పబ్లిషర్ అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్ ఉందా? అయితే 1972 ఆగస్టు 15కి ముందు అచ్చయిన పుస్తకం కాదు. వెనక అట్ట మీద ‘మా ఇతర ప్రచురణలు’ జాబితా ఇంకా మంచి సాక్షి. అందులో పదేళ్ల తర్వాత వచ్చిన నవల పేరు కనిపించిందా, మీ చేతిలోది మొదటి ముద్రణ కానే కాదు. ‘మా దగ్గర పాత ఒరిజినల్ ఉంది’ అని స్క్రీన్‌షాట్ పంపేవాళ్లని నేను మొదట అడిగేది వెనక అట్ట ఫోటోనే.

ఇక వేట. నా అనుభవంలో ఇక్కడ పుస్తకాలు బయటపడేది షాపుల్లో కాదు, ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు. ఉక్కునగరం క్వార్టర్స్‌లో ముప్ఫై ఏళ్లున్న ఉద్యోగి రిటైరై సామాను సర్దుతుంటే, అటక మీది మూట గాజువాక వైపు పాతసామాన్ల కొట్టుకి చేరుతుంది. అక్కడ దాని విలువ కిలోల్లో.

కంచరపాలెంలో ఒకాయన ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపు నడిపేవారు. రోజుకి పావలా నుంచి మొదలుపెట్టారట. ఇప్పుడు ఆ గదిలోనే జెరాక్స్ మిషన్. మూల రెండు గోనెసంచులు. “ఏటి బాబూ, ఈ సిరిగిపోయిన కాయితాల కోసం ఇంత దూరవొచ్చీసారా?” అని నవ్వారు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు పైకప్పు రేకు లేచిపోయి, సగం పుస్తకాలు ముద్దయిపోయాయట. మిగిలినవాటిని ఈ ఊరి గాలి తింటోంది. ఉప్పుగాలికి పిన్నులు తుప్పుపట్టి, ఆ తుప్పు చుట్టూ కాగితం పొడిగా రాలుతుంది. పైగా పోర్టు నల్లదుమ్ము! గంటలో నా వేళ్లు బొగ్గు మోసినవాడి వేళ్లలా అయ్యాయి.

సంచిలోంచి పుస్తకాలు తీస్తుంటే ఒకటి అర్థమైంది. ఎవరూ ముట్టుకోని నవలలు కొత్తగా, నున్నగా ఉన్నాయి. జనం ఎగబడి చదివినవే అట్టలు పోయి, నాలుగుచోట్ల గోధుమపిండి జిగురుతో అతికించి ఉన్నాయి. ఒకదాని మొదటి పేజీలో ఎవడో పుణ్యాత్ముడు బాల్‌పెన్నుతో హంతకుడి పేరు రాసిపెట్టాడు. వాణ్ణి మాత్రం క్షమించలేం.

నేను ముఖ్యంగా వెతికింది ఆరుద్రని. అవును, ఆ ఆరుద్రే. ఈ విశాఖలో 1925లో పుట్టిన కవి. ‘త్వమేవాహం’ రాసి, సంపుటాల కొద్దీ ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ కూర్చిన ఆయనే ‘పలకల వెండి గ్లాసు’ లాంటి డిటెక్టివ్ నవలలూ రాశారు. సమగ్ర సంపుటాలు లైబ్రరీల బీరువాల్లో అద్దాల వెనక భద్రంగా ఉంటాయి. డిటెక్టివ్ నవలల్ని దాచిపెట్టాలని ఎంతమందికి తోచి ఉంటుంది? రీప్రింట్లు, ఈ-బుక్‌లు ఉన్నాయిగా అంటారు. కథకైతే చాలు, నేనూ ఫోన్‌లోనే షాడో చదువుతాను. కానీ పాత అట్ట బొమ్మ, సబ్బుల ప్రకటన, అద్దె షాపు స్టాంపు కింద వరసగా పడిన తేదీలు ఫోన్‌లోకి రావు. ఏ నవలని ఎన్నిసార్లు ఇంటికి తీసుకెళ్లారో చెప్పే లెక్క ఆ తేదీలు తప్ప ఇంకోటి లేదు.

ఆరుద్ర ఆ సంచుల్లో లేరు. కొమ్మూరి ‘చావు కేక’ దొరికింది. రంగు చెదరని అట్ట. లోపల చివరి ఎనిమిది పేజీలు లేవు. నెలాఖరుకి గది ఖాళీ చేసి రెండు సంచులూ తూకానికి వేసేస్తానని ఆయన అన్నారు. ఏరుకునే టైమ్ లేక మొత్తం కలిపి బేరం చేశాను. కిలో లెక్కన తూకం కొట్టువాడు ఇచ్చేదానికి రెట్టింపు ఇచ్చి, ఆటోలో వేసుకొచ్చాను.

ఇంటికొచ్చి ‘చావు కేక’ ఫోటో తెలిసిన గ్రూపులో పెడితే రాజమండ్రి నుంచి ఒకాయన మెసేజ్ చేశాడు. ఆయన దగ్గర అదే ముద్రణ, చివరి పేజీతో సహా ఉందట. అట్ట మాత్రం లేదు. నా దగ్గర అట్ట ఉంది, హంతకుడు లేడు. ఎవరి కాపీ ఎవరికి అమ్మాలన్న దగ్గర బేరం మూడు వారాలుగా ఆగిపోయింది. పోనీ ఆ ఎనిమిది పేజీలు ఫోటో తీసి పంపండి సార్ అంటే, నవ్వే ఎమోజీ ఒకటి పంపాడు.