దారంతో బతికిన కొండ ఊరు

పోలండ్ అనగానే మన క్యాంపస్‌లో చాలామందికి గుర్తొచ్చేవి ఎం.ఎస్. అడ్మిషన్, వీసా, చలి. నాకు మాత్రం ఈమధ్య ఒక కొండ ఊరు గుర్తొస్తోంది. పేరు కొన్యాకుఫ్. నేను వెళ్ళలేదు. కటోవిత్సేలో చదువుతున్న మా పెద్దమ్మ కూతురు వెళ్ళొచ్చి ఫోటోలు పంపింది. అవి చూశాక ఆ ఊరి గురించి దొరికిందల్లా చదివాను.

కొన్యాకుఫ్ పోలండ్ దక్షిణపు అంచున, సిలేసియన్ బెస్కిద్ కొండల్లో ఉంది. పక్క ఊళ్ళు ఇస్తెబ్నా, యవోజింకా. యవోజింకా దగ్గర పోలండ్, చెక్, స్లొవాకియా సరిహద్దులు ఒకేచోట కలుస్తాయి. ఇది గొర్రెల కాపరుల నేల. వసంతంలో మందల్ని కొండ మీదికి తోలడం, చలి మొదలవగానే కిందికి దింపడం ఇప్పటికీ ఒక పండగే. ఇస్తెబ్నాలో 1863 నాటి చెక్క ఇల్లొకటి ఉంది. దానికి పొగగొట్టమే లేదు! పొయ్యి పొగ గదిలోనే తిరిగి పైకి పోవాలి. ఊరి పైన ఒహోజితా అనే కొండ, ఎత్తు దాదాపు 900 మీటర్లు. ఆకాశం తేటగా ఉన్న రోజు అక్కణ్ణుంచి తాత్రా పర్వతాలు కనిపిస్తాయి.

కానీ ఊరికి పేరు తెచ్చింది కొండలు కాదు, లేసు. పెళ్ళయిన ఆడవాళ్ళు తలకు పెట్టుకునే టోపీకి నుదుటి దగ్గర అల్లే చిన్న పట్టీతో ఇదంతా మొదలైంది. 19వ శతాబ్దం చివరికల్లా అది బల్లగుడ్డలకీ, చర్చి వస్త్రాలకీ పాకింది. సన్నటి నూలు దారం, కొక్కెం ఉన్న సూది, అంతే. పువ్వులూ ఆకులూ విడివిడిగా అల్లి, తర్వాత అన్నిటినీ కలుపుతారు. కాగితం మీద డిజైన్ ఉండదు, అంతా బుర్రలోనే. మన భాషలో చెప్పాలంటే ఒక్కో పువ్వు ఒక ఫంక్షన్, చివర్లో అన్నిటినీ పిలిచే మెయిన్ ప్రోగ్రామ్ ఆవిడే.

కమ్యూనిస్టు ప్రభుత్వం ఉన్నన్నాళ్ళూ సహకార సంఘాలు ఈ లేసు కొనేవి. 1989 తర్వాత ఆ వ్యవస్థ పోయింది. కొనేవాళ్ళు తగ్గారు. అప్పుడు, 2000ల మొదట్లో, కొంతమంది అదే పువ్వులతో ఆడవాళ్ళ లోదుస్తులు అల్లి అమ్మడం మొదలుపెట్టారు. ఊళ్ళో పెద్ద గొడవ! చర్చిలో పరిచే లేసుని ఇలా చేస్తారా అని పెద్దవాళ్ళు. తినడానికి ఉండాలిగా అని అల్లేవాళ్ళు. నాకైతే రెండు వైపులా న్యాయం కనిపించింది. కాకపోతే ఒక పక్క పరువు ఉంది, ఇంకో పక్క ఆకలి ఉంది. లేసు మాత్రం ఆగలేదు. 2013లో ఐదుగురు ఆడవాళ్ళు కలిసి 5 మీటర్ల వ్యాసం ఉన్న లేసు అల్లారు.

ఇదంతా నాకెందుకంటే, మాది నరసాపురం దగ్గర. మా అమ్మమ్మ నలభై ఏళ్ళు లేసు అల్లింది. అక్క పంపిన ఫోటోని ఫోన్‌లో పెద్దది చేసి చూసి, "ఇది మన పనే కదే, దారం ఇంకా సన్నం," అంది. ఆ వెంటనే, "ఒక్కోదానికి ఎంతిస్తారట?" అని అడిగింది. అక్క కొన్న లేసు అల్లినావిడ దగ్గరే కొన్నదట, ధర కూడా ఆవిడే చెప్పిందట. అమ్మమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. ఆమె లేసుకి ధర ఎప్పుడూ ఏజెంటే చెప్పాడు. దారం తూచి ఇచ్చేవాడు, లేసు తూచి తీసుకునేవాడు. అది ఏ దేశంలో, ఎవరి బల్ల మీద ఉందో ఆమెకి తెలియదు.

నరసాపురం లేసు ఆడవాళ్ళ మీద మరియా మీస్ అనే జర్మన్ సమాజశాస్త్రవేత్త 1982లోనే పుస్తకం రాసింది. వాళ్ళు ప్రపంచ మార్కెట్ కోసం పనిచేస్తున్నా అందరూ వాళ్ళని గృహిణులుగానే చూశారు, కార్మికులుగా కాదు అన్నది ఆమె మాట. మా ఇంట్లోనూ అంతే. "ఖాళీగా ఉండలేక అల్లుతుంది" అనేవాళ్ళు. వంటంతా అయ్యాక, కళ్ళు లాగేదాకా చేసే పనికి ఖాళీ అని పేరు! మా అమ్మ పని నేర్చుకుంది కానీ వదిలేసింది. "ఆ రేటుకి కళ్ళు పోగొట్టుకోనా?" అంటుంది. నేను అసలు నేర్చుకోలేదు.

2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ ఆ గుర్తింపు ఊరి పేరుని కాపాడుతుంది, అల్లిన మనిషి పేరు చెప్పదు. కొన్యాకుఫ్‌లో నాకు నచ్చింది కొండలూ మ్యూజియమూ కాదు. కొనేవాళ్ళు అల్లినావిడ గుమ్మం దాకా నడిచి వెళ్ళడం.

ఈ సెమ్ సెలవుల్లో అమ్మమ్మ దాచిన నమూనాలన్నీ ఫోటోలు తీసి ఒక వెబ్‌సైట్‌లో పెడుతున్నా. పైనాపిల్ డిజైన్ పదకొండు రకాలున్నాయి. ఒక్కోదాని కింద అల్లినావిడ పేరు, ఆవిడ చెప్పిన ధర. ధర దగ్గర అమ్మమ్మ మొహమాటపడుతోంది. "నువ్వే ఏదో ఒకటి వెయ్యవే," అంటోంది. నేను వెయ్యను. ఆ గడి ఆవిడే నింపాలి.